కనుపాపయు ఆపిల్ పండును



2022–23 విద్యాసంవత్సరము మొదలుకొని మన తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1వ తరగతినుండి 8వ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడెను. పాఠ్యపుస్తకములు ఒక పుటలో తెలుగును, దాని యెదుటి పుటలో ఇంగ్లీషును గలవిగా అచ్చయి వచ్చెను. అంతకు ముందే మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో అనేకులు, పొలము కుదువబెట్టియో, గల్ఫు దేశములనుండి వచ్చిన సొమ్ముతోనో, పిల్లలను ప్రైవేటు ఇంగ్లీషు బడులకు పంపుచు వచ్చిరి. బిడ్డ బాగుపడవలెనని కోరుట తప్పు కాదు.

అయితే సాయంకాలమున ఇంటిలో జరుగుచున్న దేమి? పిల్ల పుస్తకము తెరచి, "అవ్వా, గీ మాటకు అర్థమేంది?" అని యడుగును. "నాకేమెరుక బిడ్డా, మీ సారునడుగు" అని తల్లి చెప్పును. నాలుగు దినములు అడిగిన పిల్ల అయిదవ దినమున అడుగుట మానును. నాలుగేండ్లు గడచునప్పటికి, మా అవ్వకేమియు తెలియదు, మా బాపుకేమియు తెలియదు అను తలంపు ఆ చిన్న మనస్సులో వేరుపారును. ఇంగ్లీషు రాకపోవుట నష్టమే. గాని ఇంగ్లీషు వచ్చిన బిడ్డ తన తల్లిదండ్రులను తెలివిలేనివారిగా ఎంచుట అంతకంటె గొప్ప నష్టము. ఆ నష్టము మన యిండ్లలో జరుగకుండవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇంగ్లీషు నుడికారమునకు తాళపుచెవి యొకటి ఆ తల్లి చేతిలోనే యున్నదని చరిత్ర చెప్పుచున్నది. ఎట్లనగా వినుడి.

కచేరి భాష, ఇంటి భాష

మన పల్లెకు పరభాష కొత్త కాదు. నిజాము రాజ్యములో మొదట ఫారసీ కచేరి భాషగా నుండెను. 1880ల దశాబ్దములో దానికి బదులు ఉర్దూ వచ్చెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన యంతయు ఉర్దూలోనే సాగెను. ఇంగ్లీషు తప్పనిసరి పాఠముగా మాత్రముండెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసిన తరువాత విశ్వవిద్యాలయపు బోధన ఇంగ్లీషులోనికి మారెను. ఇట్లు రమారమి డెబ్బది యేండ్లలో మూడు భాషలు కచేరి గద్దెనెక్కినవి. ఆ మూడింటిలో ఒక్కటియు మన పల్లెటూరివాని యింటి భాష కాదు. తన భూమి కాగితములో ఏమి వ్రాసియున్నదో చదువుకొనలేక, వ్రాతగాని ముఖము చూచుచు వేలిముద్ర వేసినవారే మన తాతలు.

అయినను ఆ పరభాషను నేర్చి, ఇంటి భాషను విడువనివారును మన నేలపై పుట్టిరి. పూర్వపు కరీంనగరు జిల్లా హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారు ఉర్దూ మాధ్యమములో చదివిరి. ఆయనయే తెలుగు కవియై, ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందెను. వంగర గ్రామములో పెరిగిన పి. వి. నరసింహారావు గారు అనేక భాషలు నేర్చి, విశ్వనాథ సత్యనారాయణ గారి "వేయిపడగలు" నవలను హిందీలోనికి మార్చి, 1991నుండి 1996వరకు దేశమునకు ప్రధానమంత్రిగా నుండి, 1998లో ఇంగ్లీషున తన నవలను వెలువరించెను. పరభాష వచ్చుటకు తల్లిభాష పోవలెనను నియమము లేదని వీరి బ్రదుకులు సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇంగ్లీషు కూడ ఒకప్పుడు కూలివాని భాషయే

నేడు గద్దెమీద కూర్చున్న ఇంగ్లీషు ఎల్లప్పుడును అట్లే యుండెనని తలంపకుడి. 1066లో నార్మనులు ఫ్రాన్సు దేశపు తీరమునుండి వచ్చి ఇంగ్లండును జయించిరి. తరువాత దాదాపు 300 యేండ్లు అక్కడి దొరల భాష, న్యాయసభల భాష ఫ్రెంచియై యుండెను. ఇంగ్లీషు దున్నువాని భాష, పశువుల కాపరి భాష. 1362లో మాత్రమే న్యాయసభలలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనని శాసనము చేయబడెను.

ఆ దినముల గుర్తు మన పిల్లల పాఠములో ఇప్పటికిని కలదు. బ్రదికియున్న గొర్రె "షీప్", దాని మాంసము "మటన్". ఆవు "కౌ", దాని మాంసము "బీఫ్". పంది "పిగ్", దాని మాంసము "పోర్క్". ఒక్క జంతువునకు రెండు మాటలేల? మందను కాచినవాడు ఇంగ్లీషువాడు గనుక పశువు పేరు ఇంగ్లీషు మాట. పీటమీద కూర్చుండి తినినవాడు ఫ్రెంచి మాటలాడు దొర గనుక మాంసము పేరు ఫ్రెంచినుండి వచ్చిన మాట. గొర్రెలను కాచినవాడొకడు, మాంసము తినినవాడొకడు. ఈ సంగతి మన గొల్ల కురుమ సహోదరులకు విడమరచి చెప్పనక్కర లేదు.

అటువంటి దున్నువాని భాషలో దేవుని వాక్యము ఉండవలెనని తెగించినవాడు విలియం టిండేలు. నాగలి పట్టు కుర్రవానికి సహితము లేఖనములు తెలియవలెనని అతని పట్టుదల. ఇంగ్లండులో చోటు దొరకనందున జర్మనీకి పోయి, 1526లో వోర్మ్స్ పట్టణములో క్రొత్త నిబంధనను ఇంగ్లీషున అచ్చువేయించెను. ఆ పుస్తకములు సరకుల మూటలలో దాచబడి ఓడలమీద ఇంగ్లండునకు చేరెను. 1536లో టిండేలు ఇప్పటి బెల్జియము దేశములో చంపబడి, అతని దేహము కాల్చబడెను. అయితే అతని మాటలు కాలిపోలేదు. 1611లో జేమ్సు రాజు ఆజ్ఞచేత దాదాపు 47 మంది పండితులు సిద్ధపరచిన బైబిలులో, ముఖ్యముగా క్రొత్త నిబంధనలో, టిండేలు పలుకుబడి విస్తారముగా నిలిచియున్నది. ఆ గ్రంథము ప్రతి ఊరి గుడిలోను బిగ్గరగా చదువబడెను. అనేకుల యిండ్లలో ఉన్న పుస్తకము అదియొక్కటే. వినగా వినగా దానిలోని మాటలు వంట యింటికిని, సంతకును, కచేరికిని నడచిపోయినవి. నేడు ఇంగ్లీషు జాతీయములని మన పిల్లలు కంఠస్థము చేయుచున్నవాటిలో చాల మాటలు ఇట్లు పుట్టినవే.

కథ తెలిసినవానికి మాట తెలియును

ఇప్పుడు తల్లి చేతిలోని తాళపుచెవి సంగతి చూతము.

తనకు మిక్కిలి ప్రియమైనవానిని ఇంగ్లీషువాడు "ది ఆపిల్ ఆఫ్ మై ఐ" అనును. మాటకు మాట మార్చినచో "నా కంటి ఆపిల్ పండు" అగును. అర్థము లేని మాట. ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలును ఎట్లు కాపాడెనో చెప్పుచోట ఈ మాట మూలముగా నున్నది. హెబ్రీ భాషలో అక్కడ నున్న మాటకు "కంటిలోని చిన్న మనిషి" అని అర్థము. ఎదుటివాని కంటిలోనికి చూడుడి; నల్లగ్రుడ్డులో మీ చిన్న రూపము కనబడును. అందుచేతనే ఆ పేరు. పూర్వపు ఇంగ్లీషువారు కనుగ్రుడ్డు గుండ్రముగా నున్నదని దానిని ఆపిల్‌తో పోల్చిరి. మన తెలుగు బైబిలులో ఏ మాట యున్నది? కనుపాప! కంటిలోని పాప, కంటిలోని చిన్న బిడ్డ. హెబ్రీవాడు చూచినదే తెలుగువాడును చూచి పేరు పెట్టెను. ఈ విషయములో ఇంగ్లీషుకంటె మన తెలుగే మూలమునకు దగ్గర. అవ్వ తన బిడ్డను "నా కనుపాపవే" అని ముద్దాడుచునే యున్నది. ఆమెకు రానిది ఇంగ్లీషు మాటయే గాని దాని భావము కాదు.

ఎంత యిచ్చినను చాలని కొంచెపు సహాయమును "ఎ డ్రాప్ ఇన్ ది బకెట్" అందురు. ఇది యెషయా 40వ అధ్యాయములోనిది. లోకములోని జనములన్నియు దేవుని యెదుట బొక్కెనలోని చుక్కవంటివని ప్రవక్త భావము. తెలుగు అనువాదకులు అచ్చట "చేద" అను మాట పెట్టిరి. బావిలో చేద వేసి నీళ్లు తోడిన ప్రతి స్త్రీకి, చేద పైకి వచ్చునప్పుడు అంచునుండి జారు చుక్క తెలియును. దాని కొరకు ఎవరును వంగి చూడరు. మన జనులు ఇదే భావమును "సముద్రములో కాకిరెట్ట" అని మొరటుగా చెప్పుదురు.

ఇతరుల నేరము నెత్తిన వేసుకొన్నవానిని "స్కేప్‌గోట్" అందురు. ఈ మాటను 1530లో టిండేలే కల్పించెను. లేవీయకాండము 16వ అధ్యాయములో రెండు మేకలున్నవి. ఒకటి వధింపబడును. రెండవదాని తలమీద యాజకుడు చేతులుంచి, జనుల పాపములు ఒప్పుకొని, దానిని అడవికి విడిచివేయును. తప్పించుకొని పోవు మేక గనుక "ఎస్కేప్" అను మాటనుండి "స్కేప్‌గోట్" అయ్యెను. మన పత్రికలు దీనిని "బలిపశువు" అని వ్రాయుచున్నవి. వాడుకలో అది చెల్లును గాని, నిజమునకు బలియైనది మొదటి మేక, స్కేప్‌గోట్ రెండవది. ఈ వ్యత్యాసము నిఘంటువు చూచిన విద్యార్థికంటె లేవీయకాండము చదివిన ముసలమ్మకు బాగుగా తెలియును.

"ది రైటింగ్ ఆన్ ది వాల్" అనగా రానైయున్న నాశనమునకు ముందే కనబడిన గురుతు. దానియేలు 5వ అధ్యాయములో బెల్షస్సరు విందులో గోడమీద వ్రాసిన చేతిని తలంచుకొనుడి. మన భాషలోను వ్రాతను గూర్చిన మాట యున్నది, "నుదుటివ్రాత". ఈ రెండును ఒకటి కావు. నుదుటివ్రాత తప్పనిది; దానిని మోసికొని పోవలసినదే. గోడమీది వ్రాత హెచ్చరిక; కనులున్నవాడు దానిని చదివి, బుద్ధి తెచ్చుకొనవచ్చును. ఒక జాతి నుడికారములో దాని నమ్మకము కూడ దాగియుండునని ఇందువలన గ్రహింపవచ్చును.

కడపట ఒక మాట. అడిగినదానికంటె ఎక్కువ చేయుటను "గో ది ఎక్స్‌ట్రా మైల్" అందురు. నేడు దుకాణదారులును, కంపెనీ అధికారులును ఈ మాటను తేలికగా వాడుచున్నారు. దీనికి మూలము మత్తయి 5వ అధ్యాయము. రోమా సైనికుడు దారిన పోవువానిని పట్టుకొని, తన మూట ఒక మైలు మోయుమని బలవంతపెట్టు అధికారము గలవాడు. యేసు ప్రభువు రెండవ మైలునుగూర్చి చెప్పినది అట్టి వెట్టి మోసిన జనులతోనే. ఈ వాక్యము లండను వర్తకునికంటె తెలంగాణ పల్లెవానికి బాగుగా అర్థమగును. దేశముఖులు, జాగీర్దారులు, సర్కారు ఉద్యోగులు వచ్చినప్పుడు ఊరినుండి ఊరికి వారి సామాను కూలి లేక మోసినవారు మన తాతలు. 1949లో జాగీరులు రద్దయినవి. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము వచ్చెను. మొదటి మైలు బలవంతపుది. రెండవ మైలు తన యిష్టపూర్వకమైనది. అక్కడ మోయువాడు బానిస కాదు. "ఎక్స్‌ట్రా మైల్" అను మాటలో ఇంత బరువున్నదని మీ తాత కథ చెప్పి మీ బిడ్డకు నేర్పుడి. ఏ బడియు అంత బాగుగా నేర్పలేదు.

చలిదేశపు మాటలు, ఎండదేశపు మాటలు

ఇంగ్లీషు పలుకుబళ్లన్నియు లేఖనములనుండి వచ్చినవి కావు. కొన్ని వారి గాలివానలనుండియు, వారి యిండ్లనుండియు పుట్టినవి. అవి తెలియుటకు ఆ దేశపు బ్రదుకు కొంత తెలియవలెను.

ఇంగ్లండు చలిదేశము. అక్కడ వెచ్చదనము సుఖము. కావున ప్రేమతో చేర్చుకొనుటను "వార్మ్ వెల్కమ్" అందురు. ఆదరణ లేకపోయినచో "కోల్డ్" అందురు. మనది ఎండదేశము. మేనెలలో రామగుండము బొగ్గుగనుల దగ్గర నిలుచున్నవానికి చల్లదనమే దీవెన. "చల్లగా ఉండు బిడ్డా" అని పెద్దలు దీవింతురు. "నీ కడుపు చల్లగా" అందురు. మంచి మాట చల్లని మాట, కోపగించినవాడు మండిపడును. ఈ భేదమెరుగని పిల్లవాడు, మా మేనత్త నన్ను చల్లగా చూచెనని తలంచి ఇంగ్లీషున "కోల్డ్" అని వ్రాసినయెడల, చదివిన ఇంగ్లీషువాడు ఆ మేనత్తను కఠినురాలనుకొనును! తప్పు వ్యాకరణములో లేదు. రెండు దేశముల ఎండలో నున్నది.

అట్లే, కొత్తవారి మధ్య మొదటి మాట కలుపుటను "బ్రేక్ ది ఐస్" అందురు. చలికాలమున నదులు గడ్డకట్టినప్పుడు ఆ మంచును పగులగొట్టినగాని ఓడకు దారి లేదు. మన ఆదిలాబాదువారికి పౌషమాసపు చలి తెలియును గాని, నది గడ్డకట్టుట తెలియదు. మరియు మనవారికి మాట కలుపుట అంత కష్టమును కాదు. బస్సులో ప్రక్కన కూర్చున్నవానిని "ఏ ఊరు? ఎవరింటివాళ్లు?" అని వెంటనే యడుగుదుము. ఇంగ్లీషువాడు కొత్తవానిని ఆ ప్రశ్న యడుగడు. వాన, ఎండలనుగూర్చి మాట్లాడును. వాడు గర్వి యని తలంపకుడి. అది వారి మర్యాద. పెద్ద వానను "పిల్లులు కుక్కలు కురియుచున్నవి" అని చెప్పు జాతీయము మన బడిపుస్తకములలో కలదు గాని, ఈ కాలపు ఇంగ్లీషువారు దానిని అరుదుగా వాడుదురు. "హెవీ రెయిన్" అన్న చాలును. మనకు "కుండపోత" యుండనే యున్నది.

"ప్లీజ్", "థాంక్యూ" అను మాటలనుగూర్చియు ఒక సంగతి. పెద్దబాపు, చిన్నబాపు, మేనమామ అను ముగ్గురిని ఇంగ్లీషువాడు ఒక్క "అంకుల్" అను మాటతో పిలుచును. నీవు, మీరు అను భేదము వారి వాడుకలో లేదు. అందరికి "యూ" ఒక్కటే. మనము "ఇవ్వండి" అన్నప్పుడు ఆ "అండి"లోనే మర్యాద యున్నది. "అన్నా", "అక్కా" అని పిలిచినప్పుడు ఆ వరుసలోనే ప్రేమ యున్నది. వారి క్రియలో అది లేదు గనుక "ప్లీజ్" అని వేరుగా చెప్పవలెను. మన పిల్ల ఇంగ్లీషున మాటలాడునప్పుడు ఆ మాట మరచినయెడల మొరటుగా వినబడును. ఇంటిలో అవ్వ నీళ్లిచ్చినప్పుడు "థాంక్యూ" అనకపోయిన కృతఘ్నురాలు కాదు. ఎక్కడి మర్యాద అక్కడిది.

మనయొద్ద నేర్చుకొన్న పరదేశులు

భాషల బేరములో మనమెల్లప్పుడును పుచ్చుకొనువారమే కాదు. జర్మనీనుండి మద్రాసు ప్రాంతమునకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1727లో క్రొత్త నిబంధనను తెలుగున వ్రాసి ముగించెను. అది అచ్చు కాక వ్రాతప్రతిగానే నిలిచిపోయెను. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన మిషనరీలు దే గ్రాంజెస్, క్రాన్ గార్లు తెలుగు నుడికారము ఎరుగక, ఆనందరాయరు అను తెలుగు క్రైస్తవుని సహాయముతో సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. ఇంటివాని సాయము లేక పరదేశి ఒక్క వాక్యమును నేరుగా పలుకలేడని వారెరుగుదురు.

చార్లెసు ఫిలిప్ బ్రౌను దొర 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగు నేర్చుకొనెను. పండితులను జీతమిచ్చి పెట్టుకొని, వేమన పద్యములను సేకరించి 1829లో ప్రకటించెను. 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వెలువరించెను. అందులో పండితుల మాటలతో కూడ వాడుక పలుకుబళ్లను చేర్చెను. జనుల మాట నేర్చుకొనుటకు అతడు సిగ్గుపడలేదు.

డోర్నకల్ అధ్యక్షుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తెలుగువారు కారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో డోర్నకలునకు వచ్చి, పెద్ద వయస్సులో తెలుగు నేర్చి, పల్లెల గుడిసెలలో ప్రసంగించిరి. 1910లో స్కాట్లాండు దేశపు ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, పడమటి దేశములవారి యెదుట నిలువబడి, వారినుండి ధనముకంటె స్నేహము కావలెనని ఇంగ్లీషున ధైర్యముగా పలికిరి. 1912లో ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషపుగా అభిషేకింపబడిరి. దొరలయెదుట ఇంగ్లీషు, కూలివానియెదుట తెలుగు. రెంటిలోను ఒకే మనిషి.

మన మాటలును సముద్రము దాటినవి. ఇంగ్లీషున "బాండికూట్" అను మాట మన పందికొక్కే. "గోల్కొండ" అను మాట వారి నిఘంటువులలో అపార సంపదకు పేరై యున్నది. మన పొరుగున నున్న నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఉక్కుకు ప్రసిద్ధి. అట్టి దక్షిణదేశపు ఉక్కును ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు 18వ శతాబ్దపు చివర "వూట్జ్" అని వ్రాసికొనిరి. "ఉక్కు" అను మాటయే అట్లు మారెనని పండితులు చెప్పుదురు. కొలిమి యెదుట చెమటోడ్చినవాని మాట లండను శాస్త్రసభలో చదువబడెను.

ఆదిలాబాదు కొండలనుగూర్చి కూడ ఒక మాట. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీము చంపబడిన తరువాత, నిజాము ప్రభుత్వము హైమెండార్ఫు అను ఆస్ట్రియా దేశపు పండితుని గోండుల స్థితిగతులు పరిశీలింప నియమించెను. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము తెరువబడెను. అక్కడ పిల్లలు మొదట తమ గోండీలోనే అక్షరములు నేర్చిరి. తెలిసిన మాటలో చదువుట వచ్చిన తరువాత తెలియని భాషను పట్టుకొనుట సులభమని ఆ బడి మూలసూత్రము. నేడు ఇంగ్లీషు పుస్తకము పట్టుకొన్న మన పిల్లలకును అది చెల్లును.

మనము చేయవలసినది

ఇంతవరకు చరిత్ర. ఇక ఇంటి పని.

మొదటిది, పిల్ల జాతీయమును తెచ్చినప్పుడు "దీనికి అర్థమేమి?" అని కాక "ఈ మాట ఎవరు, ఎప్పుడు, ఎందుకన్నారు?" అని అడిగించుడి. మాట వెనుక నున్న కథను సారుగారిని అడిగి రమ్మనుడి. ఆ కథ లేఖనములలోనిదైనచో తెలుగు బైబిలు తెరచి ఇంటిల్లిపాది చదువుడి. ఆ రాత్రి అవ్వ చెప్పును, బిడ్డ వినును. మరునాడు బిడ్డ ఇంగ్లీషు మాట చెప్పును, అవ్వ వినును. ఆదివారపు బడిలో వారమునకు ఒక్క జాతీయము ఇట్లు నేర్పినయెడల ఏడాదికి యాబదికి పైగా వచ్చును. ఒక్కటియు మరపునకు రాదు.

రెండవది, పలుకుబడిని నగగా ఎంచుడి. దినదినపు మాటను అన్నముగా ఎంచుడి. అన్నము లేనివానికి నగ యెందుకు? గల్ఫునకు పోవు మన యువకులు సంతకము చేయు కాగితములలో జాతీయములుండవు. "వేజెస్" అనగా కూలి, "డిడక్షన్" అనగా కూలినుండి కోసివేయు సొమ్ము, "ఓవర్‌టైమ్" అనగా గంటలకు మించిన పని, "టెర్మినేషన్" అనగా పనినుండి తీసివేయుట. ఈ నాలుగు మాటలు తెలియక సంతకము చేసినవాడు, తన తాత వేసిన వేలిముద్రనే మరల వేయుచున్నాడు. బడిలో చదువుకొనుచున్న చెల్లెలు అన్నకు ఆ కాగితము చదివి విప్పి చెప్పవలెను. చెప్పలేనిచో తెలిసినవారియొద్దకు తీసికొనిపోవలెను. అందుకొరకే గదా చదువు!

మూడవది, ఎవని ఉచ్చారణను చూచియు నవ్వకుడి. యేసు ప్రభువు బంధింపబడిన రాత్రి, ప్రధానయాజకుని ముంగిట పేతురు చలి కాచుకొనుచుండగా, అక్కడివారు అతని మాటతీరునుబట్టియే వీడు గలిలయవాడని పట్టుకొనిరి. పట్టణపువారి యెదుట పల్లె యాస దాగలేదు. పేతురు భయపడి ప్రభువును ఎరుగననెను. అయితే పెంతెకొస్తు దినమున ఆ పేతురే, అదే పట్టణములో, అనేక దేశములనుండి వచ్చిన జనసమూహము ఎదుట లేచి నిలువబడెను. వినినవారు, మాటలాడుచున్న వీరందరు గలిలయవారే గదా యని ఆశ్చర్యపడిరని అపొస్తలుల కార్యముల 2వ అధ్యాయము తెలుపుచున్నది. యాస పోలేదు, భయము పోయెను.

ఆ దినమున జరిగిన మరియొక సంగతి గమనించుడి. వచ్చిన జనులందరు ఒక్క భాష నేర్చుకొనిన తరువాత సువార్త వినుడని దేవుడు చెప్పలేదు. పార్తీయులు, మాదీయులు, ఐగుప్తువారు, రోమీయులు ఎవరి జన్మభాషలో వారు వినిరి. రాజుల కచేరి ప్రజలను తన భాష నేర్చుకొని రమ్మనును. దేవుడు ప్రజల భాషలోనికి తానే దిగివచ్చును. కావున ఇంగ్లీషు నేర్చుకొనుడి, బాగుగా నేర్చుకొనుడి, కచేరికి పోయినప్పుడు అది అక్కరకు వచ్చును. గాని మీ అవ్వ మాటకు సిగ్గుపడకుడి. ఇంగ్లీషున "ప్యూపిల్" అను మాటకు బడిలో చదువు బిడ్డ అనియు, కనుపాప అనియు రెండర్థములు కలవు. మీ బడి బిడ్డను చూచి మీరు తెలుగున అనుమాటయే అది.